గట్టి నాయకుడొస్తే హక్కులు తొందరగా వస్తాయా? పిల్లలకు పెద్దమ్మ ఉత్తరం

పిల్లలూ,

మన ఇంటి వాట్సాప్ గ్రూపులో మీ ఇద్దరి వాదన మొత్తం చదివాను. కోర్టులు, వాయిదాలు, పార్లమెంటు అంటూ ఏళ్లకేళ్లు లాగే బదులు ఒక గట్టి నాయకుడు ఒక్క సంతకంతో గే వాళ్లకు హక్కులిచ్చేస్తే పోయేదానికి ఇంత గొడవ ఎందుకని చిన్నోడు అన్నాడు. ప్రజాస్వామ్యం ఉన్నచోట హక్కులుంటాయి, లేనిచోట ఉండవు, అంతే అని పాప అంది. నాకు రెండూ ఒప్పుకోబుద్ధి కాలేదు. చిన్నోడి మాట అయితే కొంచెం భయం కూడా వేసింది. గ్రూపులో రాస్తే పొడుగైపోతుందని ఇలా రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

ముందు పాపకి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ రెండు ముక్కలైంది కదా. పశ్చిమాన ఎన్నికలు, స్వతంత్ర కోర్టులు, పత్రికలు. తూర్పున ఒకే పార్టీ పాలన, స్టాసీ అనే రహస్య పోలీసులు. మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేసే సెక్షన్ 175 అక్కడ 1871 నుంచీ ఉంది. నాజీలు 1935లో దాన్ని ఇంకా కఠినం చేసి, ఉద్దేశం ఉందని జడ్జి అనుకుంటే చాలు శిక్ష పడేలా మార్చి, వేలమందిని గులాబీరంగు త్రికోణం గుర్తు కుట్టి నిర్బంధ శిబిరాలకు పంపారు. యుద్ధం అయ్యాక ఆ నాజీల సెక్షన్‌ని అక్షరం మార్చకుండా ఉంచుకున్నది ఎవరనుకుంటున్నారు? ప్రజాస్వామ్య పశ్చిమ జర్మనీ. 1957లో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానమే ఆ సెక్షన్ సరైనదేనని తీర్పు చెప్పింది. 1969లో సవరించేదాకా దాదాపు 50 వేలమందికి శిక్షలు పడ్డాయి. హిట్లర్ శిబిరంలోంచి బతికి బయటపడ్డ మనిషిని అదే సెక్షన్ కింద మళ్లీ జైల్లో వేసిన సందర్భాలున్నాయి. ఎన్నికలు సక్రమంగా జరిగే దేశంలో, న్యాయవాదులు నల్లకోట్లు వేసుకుని వాదిస్తుండగా జరిగిందిది.

తూర్పు జర్మనీ 1950లోనే నాజీల సవరణను పక్కనపెట్టి పాత రూపానికి వెళ్లింది. 1957 తర్వాత పెద్దవాళ్ల మీద కేసులు దాదాపు ఆపేసింది, 1968 కొత్త శిక్షాస్మృతిలో నేరమన్నదే తీసేసింది. మిగిలిన ఒక్క తేడా, అంటే వయసు పరిమితి విషయంలో స్వలింగ సంబంధాలకు వేరే నియమం, దాన్ని కూడా 1988లో వాళ్ల పార్లమెంటు రద్దు చేసింది. పశ్చిమాన సెక్షన్ 175 పూర్తిగా పోయింది 1994లో. మధ్యలో 1990లో దేశం ఒకటైంది కాబట్టి, నాలుగేళ్లపాటు ఒకే జర్మనీలో పశ్చిమ భాగానికి ఆ సెక్షన్ వర్తించేది, తూర్పు భాగానికి లేదు.

చూశావా పెద్దమ్మా, నేను చెప్పిందే కదా అని చిన్నోడు ఈపాటికి ఎగిరి గంతేస్తుంటాడు. ఆగు నాన్నా.

నేరం కాదన్న ఆ తూర్పు జర్మనీలో గే వాళ్లు నలుగురు కలిసి కూర్చోవడానికి చోటు ఉండేది కాదు. 1973లో తూర్పు బెర్లిన్‌లో కొందరు యువకులు, యువతులు కలిసి ఒక సంఘం పెట్టుకుని, దాన్ని గుర్తించమని అధికారులకు అర్జీ మీద అర్జీ పెట్టారు. అనుమతి రాలేదు. షార్లట్ ఫాన్ మాల్స్‌డోర్ఫ్ అనే ఆవిడ తన ఇంటి మ్యూజియంలో చోటిస్తే కొన్నాళ్లు అక్కడ కలుసుకున్నారు, 1978లో పోలీసులు అదీ ఆపించారు. ఆ తర్వాత వాళ్లకు దొరికిన నీడ ఏమిటో తెలుసా, ప్రొటెస్టెంట్ చర్చిలు. 1982 నుంచి లైప్‌జిగ్, బెర్లిన్ లాంటి ఊళ్లలో చర్చి గదుల్లో గుంపులు మొదలయ్యాయి, స్టాసీ మనుషులు ఆ గుంపుల్లో కూడా చేరి ఎవరేం మాట్లాడారో ఫైళ్లలో రాసుకున్నారు. 1985లో బెర్లిన్ నుంచి కొందరు లెస్బియన్ మహిళలు రావెన్స్‌బ్రూక్ నాజీ శిబిరంలో చనిపోయినవాళ్లకు దండ వేయడానికి బయల్దేరితే దారిలోనే పట్టుకుని నిర్బంధించారు. తనను తాను నాజీ వ్యతిరేక దేశమని రోజూ చెప్పుకునే ప్రభుత్వం చేసిన పని అది! నాకు ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్లు అడిగింది చనిపోయినవాళ్ల పేరున ఒక పూలదండ.

ఇంకో మాట కూడా గమనించు. 1988 సవరణ ఎవరో నాయకుడికి ఉన్నట్టుండి దయ పుట్టి రాలేదు. చర్చి గుంపులు అర్జీలు పెడుతూ వచ్చాయి, హంబోల్ట్ యూనివర్సిటీలో పరిశోధకులు కూర్చుని నివేదిక తయారు చేశారు, అక్కడి సుప్రీంకోర్టు ఒక కేసులో పడ్డ శిక్షను కొట్టేసింది. నియంతృత్వంలో వచ్చిన మార్పు వెనక కూడా మనుషులే ఉన్నారు, కాకపోతే వాళ్ల పేర్లు బయటికి రానివ్వరు, ఘనత మాత్రం పార్టీ ఖాతాలో పడుతుంది.

పశ్చిమాన నేరం చాలాకాలం ఉంది, ఆ కష్టం నిజం, దాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ 1969 తర్వాత అక్కడ సంఘాలు పెట్టుకున్నారు, పత్రికలు వేశారు, వీధుల్లో నడిచారు, ఎయిడ్స్ వచ్చినప్పుడు ప్రభుత్వంతో గట్టిగా పోట్లాడారు. 1985లో దేశాధ్యక్షుడు వైజ్‌సెకర్ పార్లమెంటులో నాజీ బాధితుల గురించి మాట్లాడుతూ స్వలింగ సంపర్కులను కూడా తలుచుకున్నాడు. 2001లో జంటల రిజిస్ట్రేషన్ వచ్చింది. 2002లో నాజీ కాలపు శిక్షలు, 2017లో యుద్ధం తర్వాతి శిక్షలు కూడా రద్దు చేసి, బతికున్నవాళ్లకు ఒక్కో శిక్షకు 3,000 యూరోలు, జైల్లో గడిపిన ఒక్కో ఏడాదికి 1,500 యూరోలు ఇస్తామన్నారు. డబ్బు తక్కువే. కానీ ఒక ప్రభుత్వం తన సొంత కోర్టులు వేసిన శిక్షలు తప్పని చట్టం చేయడం నాకు చిన్న విషయంగా అనిపించదు. అదే ఏడాది జూన్ 30న పెళ్లి హక్కు బిల్లు ఓటింగుకు వచ్చింది. ఛాన్సలర్ అంజెలా మెర్కెల్ స్వయంగా వ్యతిరేకంగా ఓటేసింది. అయినా 393, 226 ఓట్లతో బిల్లు నెగ్గింది. దేశంలో అందరికన్నా బలమైన మనిషి వద్దన్నా పని జరిగింది చూడు నాన్నా, నువ్వు కోరుకునే గట్టి నాయకుడి దేశంలో అలా జరగదు.

గట్టి నాయకుడు ఇచ్చినదాన్ని తీసుకోవడం ఎంత సులువో రష్యాలో కనిపిస్తుంది. విప్లవం తర్వాత 1922 శిక్షాస్మృతిలో ఈ నేరమే లేదు, అప్పట్లో యూరప్‌లో చాలా దేశాలకన్నా ముందున్నారు. స్టాలిన్ 1934కల్లా మళ్లీ నేరం చేశాడు, ఐదేళ్లదాకా జైలు. అప్పుడు ఎవరైనా కోర్టుకెళ్లి ఇదేం న్యాయమని అడగగలిగారా? అది పోవడానికి 1993 దాకా, అంటే సోవియట్ యూనియనే పోయేదాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత మళ్లీ 2013లో మైనర్ల ముందు స్వలింగ సంబంధాల గురించి చెప్పడాన్ని 'ప్రచారం' అని పేరు పెట్టి నిషేధించారు, 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఏకంగా ఎల్‌జీబీటీ ఉద్యమాన్నే, అంటే స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్ల ఉద్యమాన్నే తీవ్రవాదమంది.

క్యూబా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చిన్నోడు దాన్ని ఉదాహరణగా పెట్టాడు. నిజమే, 2022 సెప్టెంబరులో అక్కడ రిఫరెండం పెట్టి స్వలింగ పెళ్లిళ్లను, దత్తతను ఒప్పుకున్నారు, మూడింట రెండొంతుల మంది సరేనన్నారు, అది మంచి చట్టం. అదే ప్రభుత్వం 1965 నుంచి 1968 దాకా గే వాళ్లను లేబర్ క్యాంపులకు పంపింది, ఆ తప్పు బాధ్యత తనదేనని ఫిడెల్ కాస్ట్రో చెప్పింది 2010లో. 2019 మే నెలలో ప్రభుత్వం తాను నడిపే గే హక్కుల ఊరేగింపును రద్దు చేస్తే, హవానాలో జనం సొంతంగా నడిచారు, పోలీసులు కొందరిని పట్టుకెళ్లారు. ప్రభుత్వం ఊరేగింపు చేస్తే పండగ, మనం చేస్తే అరెస్టు.

ఇక తైవాన్. అక్కడ 1987 దాకా సైనిక శాసనం. చీ చియా-వెయ్ అనే ఆయన 1986లో పత్రికలవాళ్లను పిలిచి తాను గే అని బహిరంగంగా చెప్పాడు, ఆ ఏడాదే నెలల తరబడి జైల్లో ఉన్నాడు. పెళ్లి హక్కు కోసం ఆయన అడుగుతూనే ఉన్నాడు, అడిగిన ప్రతిసారీ కాదన్నారు. సైనిక శాసనం పోయి, ఎన్నికలు వచ్చి, కోర్టులకు స్వతంత్రం వచ్చాక, 2017 మే 24న ఆయన కేసులోనే రాజ్యాంగ న్యాయస్థానం రెండేళ్లలో చట్టం చేయమంది. పాపా, ఇక్కడ నువ్వు జాగ్రత్తగా చదువు. 2018 నవంబరులో రిఫరెండం పెడితే ఓటర్లలో ఎక్కువమంది పెళ్లంటే ఆడ, మగ మధ్యేనన్నారు. జనం ఓటే అంతా అయితే కథ అక్కడితో సరి. కోర్టు తీర్పు నిలబడే ఉంది కాబట్టి 2019 మే 17న పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది, ఆసియాలో అదే మొదటిది. హంగరీలో ఎన్నికల్లో గెలిచిన ప్రభుత్వమే 2025లో ప్రైడ్ అనే గే హక్కుల ఊరేగింపును నిషేధించింది, బుడాపెస్ట్ మేయర్ దాన్ని నగరపాలక కార్యక్రమంగా ప్రకటిస్తే జనం పోటెత్తారు. ఓట్లతో పాటు కోర్టులు, ఎన్నికైన మేయర్లు, సంఘాలు, పత్రికలు ఇవన్నీ బతికి ఉంటేనే నువ్వనే ప్రజాస్వామ్యం.

మన దగ్గర? స్వలింగ సంబంధాలను నేరం చేస్తూ బ్రిటిష్ వాళ్లు పెట్టిన సెక్షన్ 377ని ఢిల్లీ హైకోర్టు 2009లో సడలించింది, సుప్రీంకోర్టు 2013లో వెనక్కి తెచ్చింది, 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధాలు నేరం కాదంది. హైదరాబాద్ నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే మన లెక్కలో 1919 ప్రాంతంలో, ఒక చట్టం వచ్చింది. దాని కింద హిజ్రాల పేర్లు పోలీసులు రిజిస్టరులో రాసుకోవచ్చు, ఆడవాళ్ల బట్టలు కట్టుకుని వీధిలో కనిపిస్తే వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. నిజాం పోయాడు, ఎన్ని ప్రభుత్వాలు మారాయో, ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. వైజయంతీ వసంత మొగ్లి, మరికొందరు కోర్టుకెళ్తే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. మనం ఎన్నుకున్నవాళ్లలో ఒక్కరికీ అన్నేళ్లలో అది గుర్తు రాలేదు. అదే ఏడాది అక్టోబరులో పెళ్లి హక్కు విషయంలో సుప్రీంకోర్టు కుదరదంది, అది పార్లమెంటు పని అంది. నాకు ఆ తీర్పు బాధ కలిగించింది. కానీ ఆ తీర్పును తప్పుబడుతూ ఇలా రాయగలుగుతున్నాను, అడిగినవాళ్లు మళ్లీ అడుగుతున్నారు.

మీ కాలేజీలో ఈ విషయం మీద సభ పెట్టుకుంటామంటే పెద్దవాళ్లు నోటిమాటగా వద్దన్నారని పాప రాసింది కదా. నోటిమాటతో వదిలేయకండి. తేదీ, చోటు, మాట్లాడేవాళ్ల పేర్లు వేసి కాగితం మీద అడగండి, ఆఫీసులో ఇచ్చి కాపీ మీద స్టాంపు వేయించుకోండి. కాదంటే కారణం రాసిమ్మనండి. చిన్నోడా, ఆ అర్జీ డ్రాఫ్ట్ నువ్వే రాయి, ఆదివారంలోపు పంపితే నేను చూసి పంపుతాను.

మీ పెద్దమ్మ