వాన ఎక్కువైతే దోమలు ఎక్కువవుతాయా? కొన్ని అపోహలు, వాస్తవాలు

దోమల లార్వాలు, అంటే నీళ్లలో పెరిగే దోమ పిల్లపురుగులు, వెతకడమే నా ఉద్యోగం. టార్చిలైటు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంటే కొన్ని మాటలు ఏ ఊళ్లోనైనా వినిపిస్తాయి, బాగా చదువుకున్నవాళ్లు కూడా అంటారు, అందుకే రాస్తున్నా.

అపోహ: వాన ఎంత ఎక్కువ పడితే దోమలు అంత ఎక్కువ.

ఎంత పడిందన్నది కాదు, ఆ నీళ్లు ఎక్కడ, ఎన్నాళ్లు కదలకుండా నిలిచాయన్నదే అసలు సంగతి. గుడ్డు దోమ కావడానికి మన వేడికి వారం పది రోజులు చాలు, ఈలోపు మళ్లీ కుండపోత పడితే లార్వాలు కొట్టుకుపోతాయి. శ్రీలంకలో 1934లో ఏమైందో చూడండి. నైరుతి రుతుపవనాలు మొహం చాటేశాయి. నిండుగా పారే కెలాని గంగ, మహా ఓయ లాంటి నదులు చిక్కిపోయి మడుగులు మిగిలాయి. ఎండ తగిలే ఆ నిలవ నీళ్లలో మలేరియా మోసే అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ దోమ విపరీతంగా పెరిగింది. మామూలుగా వానలు బాగా పడే ప్రాంతం కావడంతో అక్కడి జనానికి మలేరియా పెద్దగా తెలియదు, ఒంట్లో దాన్ని తట్టుకునే శక్తీ లేదు. 1935లో మహమ్మారి తగ్గేసరికి సుమారు 80,000 మంది చనిపోయారు. వరదల్లో కాదు, కరువులో! మన పల్లెల్లో మలేరియా మోసేది కూడా ముఖ్యంగా ఈ దోమే. ఏజెన్సీ కొండల్లో ఉండే మరో మలేరియా దోమ ఫ్లూవియాటిలిస్‌దీ అదే తీరు, వానలు తగ్గి వాగు నెమ్మదించాక గడ్డి అంచుల్లో పెరుగుతుంది.

అపోహ: ఎండాకాలంలో దోమలన్నీ చచ్చిపోతాయి.

డెంగీ దోమ నీళ్ల పైఅంచున, తడి గోడకు గుడ్లు అంటిస్తుంది. అవి నెలల తరబడి ఎండినా బతుకుతాయి. ఒక మే నెలలో ఒకరింట్లో సిమెంటు గోళెం పూర్తిగా ఎండిపోయి ఉంది. లోపలి గోడ మీద మసి రాలినట్టు సన్నటి నల్ల చుక్కలు. "పీచుతో రుద్దండి పెద్దమ్మా" అంటే, "ఎండిపోయిందిగా బాబూ, ఇంకేం దోమలు" అంది. అంచుదాకా నీళ్లు నింపించి మర్నాడు వెళ్లి టార్చి వేసి చూపించాను, మెలికలు తిరుగుతూ లార్వాలు. ఆవిడ ఏమీ అనకుండా కొబ్బరి పీచు తెచ్చుకుంది.

అపోహ: వేడి పెరిగేకొద్దీ జబ్బులు పెరుగుతూనే ఉంటాయి.

కొంతవరకే. మలేరియా వ్యాప్తికి 25 డిగ్రీల దగ్గర, డెంగీకి 29 దగ్గర బాగా అనుకూలం. బాగా చల్లగా ఉంటే దోమ ఒంట్లో క్రిమి ఎదగదు, మరీ మండితే దోమే ముందు పోతుంది. నాకు భయం కొండల గురించి. ఇథియోపియా, కొలంబియాల్లో వేడి ఎక్కువున్న ఏళ్లలో మలేరియా ఇంకా ఎత్తున ఉన్న ఊళ్లకు పాకింది.

అపోహ: ఎక్కడో సముద్రం వేడెక్కితే మనకేంటి?

తూర్పు ఆఫ్రికా వాళ్లనడగండి. 1997-98లో ఎల్‌నినో (పసిఫిక్ మహాసముద్రం వేడెక్కడం)తో పాటు హిందూ మహాసముద్రం పడమటి వైపు కూడా వేడెక్కి కెన్యా, సోమాలియాల్లో వానలు ముంచెత్తాయి. పల్లపు నేలలు నిండాయి, మట్టిలో ఏళ్ల తరబడి పడి ఉన్న గుడ్లు పొదిగాయి. కొన్ని గుడ్లలో తల్లి నుంచి వచ్చిన రిఫ్ట్ వ్యాలీ జ్వరం వైరస్ ఉండటంతో పశువులకు, వాటి నుంచి మనుషులకు పాకింది. 2006లో మాత్రం సముద్రపు వేడి, ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం చూసి ముందే హెచ్చరించారు. కెన్యాలో కేసులు డిసెంబరులో బయటపడ్డాయి. అలాంటి కబురు మాకు ఓ నెల ముందు అందినా చాలు, ఏ ఊరికి ముందు వెళ్లాలో మాకు తెలుస్తుంది.