జబ్బు పేరు రాసే ముందు పిల్లాడి వయసు చూడాలి: అపోహలు - వాస్తవాలు

అపోహ: బడిలో కుదురుగా కూర్చోడు, టీచర్ మాట వినడు. అంటే ఏడీహెచ్‌డీయే (ధ్యాస నిలవకపోవడం, అతిగా కదులుతుండటం అనే సమస్య).

వాస్తవం: నేను పిల్లల సైకాలజిస్టుని. ఈ మాటతో ఎవరొచ్చినా ముందు పుట్టిన తేదీ అడుగుతాను. ఆధార్‌లోది కాదు, అసలుది. ఈమధ్య ఒకటో తరగతి బాబుని తీసుకొచ్చిన తల్లి కాసేపు తటపటాయించి, "ఏడాది కలిసొస్తుందని ఎనిమిది నెలలు పెంచి రాయించాం మేడమ్" అంది. వాడికి నిజానికి ఐదున్నరేళ్లే. ఆమె చేతిలో స్కూల్ డైరీ ఉంది, ఏ పేజీ తిప్పినా ఎర్ర ఇంకుతో ఫిర్యాదులే. వాడు మాత్రం నా తాళాల గుత్తి తీసుకుని, టేబుల్ సొరుగుకి ఒక్కొక్క తాళంచెవీ పెట్టి చూస్తున్నాడు. సరైనది దొరికేదాకా లేవలేదు. అంతమాత్రాన ఏడీహెచ్‌డీ లేదని తేల్చలేను. ఉందని తేల్చడానికి డైరీ కూడా చాలదు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 9 లక్షలకు పైగా పిల్లల రికార్డులు పరిశీలించిన అధ్యయనం 2012లో వచ్చింది. అక్కడ బడిలో చేర్చడానికి వయసు గడువు డిసెంబరు 31. కాబట్టి డిసెంబరులో పుట్టినవాళ్లు తరగతిలో అందరికంటే చిన్నవాళ్లు, జనవరిలో పుట్టినవాళ్లు పెద్దవాళ్లు. జనవరి పిల్లల కంటే డిసెంబరు పిల్లలకు ఏడీహెచ్‌డీ అని రాయడం మగపిల్లల్లో 30 శాతం, ఆడపిల్లల్లో 70 శాతం ఎక్కువగా ఉంది. చిన్న వయసునే జబ్బుగా లెక్కగట్టిన సందర్భాలు అందులో ఎన్ని ఉన్నాయో తలుచుకుంటే నాకు బాధేస్తుంది. మనవాళ్లు తేదీ మార్చి చేర్పించినప్పుడు ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

అపోహ: ఐక్యూ (తెలివితేటల కొలత) అంకె ఎవరు చూసినా ఒకటే.

వాస్తవం: మన దేశంలో వాడే బినే-కామత్ ఐక్యూ పరీక్షలో మానసిక వయసును, అంటే జవాబులు ఏ వయసు పిల్లల స్థాయిలో ఉన్నాయో దాన్ని, అసలు వయసుతో భాగించి వందతో గుణిస్తారు. ఆ బాబు తన 66 నెలల వయసుకు తగ్గట్టే జవాబులు చెప్పాడనుకోండి, ఐక్యూ 100. ఆధార్ ప్రకారం 74 నెలలు వేస్తే 89. పిల్లాడు వాడే, జవాబులూ అవే.

అపోహ: రిపోర్టులో జబ్బు పేరు వచ్చిందంటే కారణం తెలిసినట్టే.

వాస్తవం: ఎందుకు కుదురుగా ఉండడు? ఏడీహెచ్‌డీ ఉంది కాబట్టి. ఏడీహెచ్‌డీ అని ఎలా తెలిసింది? కుదురుగా ఉండడు కాబట్టి. తిరిగి తిరిగి అక్కడికే వస్తాం. దీన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. ఆ పేరు లక్షణాలను వర్ణిస్తుంది, అంతే. నిద్ర చాలడం లేదా, చెవి సరిగా వినిపిస్తోందా, ఇంట్లో గొడవలున్నాయా, క్లాసులో అరవై మంది ఉన్నారా అన్నది మనమే వెతకాలి.

అపోహ: తల్లి పెంపకం బాగాలేకే ఆటిజం వస్తుంది.

వాస్తవం: కాదు. 1950, 60ల్లో అమెరికాలో మా రంగం పెద్దలే ఈ మాట చెప్పి ఎందరో తల్లులను ఏడిపించారు. ఆ తప్పు మా రంగానిదే.

అపోహ: అయితే ఏడీహెచ్‌డీకి రాసిన మందులు ఆపేయొచ్చు.

వాస్తవం: మీ అంతట మీరు ఆపకండి. నిజంగా అవసరమైన పిల్లలకు మందు బాగా పనిచేయడం చూశాను. అనుమానం ఉంటే రాసిన డాక్టర్‌నే అడగండి: ఎందుకు రాశారు, ఎన్నాళ్లు వాడాలి, మళ్లీ ఎప్పుడు చూస్తారు?

ఆ బాబు రిపోర్టులో నేను జబ్బు పేరు రాయలేదు. అసలు వయసు రాశాను. రాత్రి ఏడు గంటలసేపే నిద్రపోతున్నాడని రాశాను. ముందు బెంచీలో కూర్చోబెట్టి, మధ్యమధ్యలో లేచి తిరగనివ్వమని టీచర్‌కి రాశాను. ఆరు నెలలయ్యాక మళ్లీ తీసుకురమ్మన్నాను.