గెంతులేసే పిల్లకి పరీక్ష ఎందుకు?

మా బావ కూతురికి 12 ఏళ్ళు. కబడ్డీ ఆడుతుంది, కడుపునొప్పని ఏనాడూ అనలేదు. ఆ పిల్లకి కొలనోస్కోపీ, అంటే గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష, అనేసరికి నరసన్నపేటలో మా పెద్దమ్మ "ఏటి, గెంతులేసే పిల్లకి పేగుల్లో గొట్టమేటి?" అని గొడవ పెట్టుకుంది.

ఆవిడ బాధ నాకు అర్థమైంది. కానీ బావ వాళ్ళ నాన్న, అంటే మా మేనమామ, 38కే పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు, తాతయ్యా అలాగే రక్తం పడి పోయాడు, మేం 'వేడి శరీరం' అనుకుంటూ ఊరుకున్నాం. బావకీ రక్తం పడితే అప్పుడు చూశారు, పేగు నిండా వందల కొద్దీ బుడిపెలు. పాలిప్‌లంటారు.

ఈ జబ్బు ఫ్యామిలియల్ అడినోమాటస్ పాలిపోసిస్, పొట్టిగా ఎఫ్ఏపీ. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తగా తయారవుతూ ఉంటుంది, ఆ పెరుగుదలకి కళ్ళెం వేసేది 5వ క్రోమోజోమ్ మీది ఏపీసీ జన్యువు. 1991లో కనిపెట్టారు. కణానికి రెండు కాపీలుంటాయి, వీళ్ళకి పుట్టుకతోనే ఒకటి పాడై ఉంటుంది కాబట్టి రెండోది ఎక్కడ చెడితే అక్కడ బుడిపె లేస్తుంది. వదిలేస్తే 40ల్లోకి వచ్చేసరికి దాదాపు అందరికీ క్యాన్సరే.

"మేనరికం చేసుకోలేదు కదా" అంటారు మావాళ్ళు. దీనికి మేనరికంతో పనిలేదు. అమ్మానాన్నల్లో ఒక్కరికుంటే చాలు, ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం.

జన్యు పరీక్షకైతే మొదట రక్తం ఇవ్వాల్సింది జబ్బున్న మనిషి. జన్యువులో తప్పు ఏ అక్షరం దగ్గరుందో బావ రక్తంలో దొరికాకే పిల్లల్లో సరిగ్గా అదే వెతుకుతారు, అప్పుడే 'లేదు' అన్న మాటని నమ్మొచ్చు. బావ కొడుక్కి లేదని తేలింది, వాడికి ఏటేటా గొట్టం బాధ తప్పింది. పిల్లకి ఉంది. ఇలాంటి పిల్లలకి 10, 12 ఏళ్ళ నుంచే పేగు చూస్తుండాలి, బుడిపెలు మరీ ఎక్కువైతే క్యాన్సర్ రాకముందే పెద్దపేగు తీసేస్తారు.

కొలనోస్కోపీకి ముందురోజు రాత్రి విశాఖలో, పేగు ఖాళీ అవడానికి పిల్ల పొడి కలిపిన నీళ్ళు లీటర్ల కొద్దీ తాగాలి. మూడో గ్లాసుకి వాంతొచ్చేలా ఉందని ఏడిస్తే, వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఒక్కో గుటకా లెక్కపెట్టింది.

బావ చెల్లెలు మాత్రం ఇంకా రక్తం ఇవ్వలేదు. కూతురికి 19, సంబంధాలు చూస్తున్నారు, బయటికి తెలిస్తే ఎలా అని టెన్షన్. తనకి లేకపోతే కూతురికీ ఆ తప్పు తన నుంచి వచ్చే దారే లేదు, ఒక్క పరీక్షతో ఇద్దరి భయమూ తీరిపోవచ్చు. ఉందంటే మాత్రం ఇద్దరినీ ఇప్పుడే చూపించాలి. పండక్కి వచ్చినప్పుడు మళ్ళీ అడుగుతాను, ఒప్పుకుంటే ఆమదాలవలసలో నేనే దగ్గరుండి రైలెక్కిస్తాను.