కొండకి అటు ఒక ఆకు, ఇటు ఒక ఆకు

కెయిర్న్స్, ఆస్ట్రేలియా

చింటూకి, పండుకి,

తాతయ్య ఆశీస్సులు. నిన్న మీ మామయ్య నన్ను కుక్‌టౌన్ దాకా ఒక రోజు టూర్‌కి తీసుకెళ్లాడు. బండి నడిపేవాడే గైడు. చీకటితో బయలుదేరి, మళ్లీ చీకటిపడ్డాకే ఇల్లు చేరాం. ఫోన్లో చెబితే సగం మరిచిపోతానని రాస్తున్నాను.

డెయిన్‌ట్రీ నదిని ఫెర్రీ మీద దాటాం. ఉక్కుతాడు పట్టుకుని నడిచే ఫెర్రీ అది, బండితో సహా ఎక్కించుకుంటుంది. అవతల దిగగానే మధ్యాహ్నం కూడా దీపం కావాలనిపించే అడవి. 1988 నుంచి ఇది ప్రపంచ వారసత్వ సంపద. 2021లో డెయిన్‌ట్రీ జాతీయ వనాన్ని దాని అసలు హక్కుదారులైన కుకు యలంజి ప్రజలకు తిరిగి అప్పగించారు. ఆ మాట వినగానే నాకు చాలా సంతోషమైంది.

అడవిలో నడుస్తుంటే ఏదో చొక్కా చెయ్యి పట్టుకుంది. లాగబోయాను. "లాగకండి, ఒకడుగు వెనక్కి వేయండి" అన్నాడు గైడు. వేయగానే ముల్లు దానంతటదే వదిలింది. మన బెత్తం జాతి తీగే, ముళ్లన్నీ కొక్కేల్లా వెనక్కి వంగి ఉన్నాయి. ఇక్కడివాళ్లు దాన్ని 'వెయిట్ అ వైల్' అంటారు, అంటే 'కాసేపు ఆగు' అని!

కేప్ ట్రిబ్యులేషన్ దాటాక తారు రోడ్డు అయిపోయింది. ఎమ్మాజెన్ వాగు బండిలోనే దాటాలి. మన దగ్గరైతే ముందు దిగి లోతు చూస్తాం కదా, ఇక్కడ మొసళ్లుంటాయి కాబట్టి నీళ్లలో కాలు పెట్టకూడదు. మామూలు కారుకి ఇంజిన్ బలం రెండు చక్రాలకే అందుతుంది, అవి బురదలో జారితే బండి అక్కడే నిలిచిపోతుంది. దీనికి నాలుగు చక్రాలూ లాగుతాయి. చిన్న గేరులో, వేగం మార్చకుండా, ఒండ్రులో ఎద్దులబండి తోలినట్టు నెమ్మదిగా దాటించాడు.

ఇక అసలు సంగతి. సముద్రం మీది గాలి తడిని మోసుకొచ్చి ఈ కొండలకు తగులుతుంది, పైకెక్కి చల్లబడి ఇక్కడే కురిసేస్తుంది. కేప్ ట్రిబ్యులేషన్ వైపు ఏడాదికి దాదాపు 4,000 మిల్లీమీటర్ల వాన. కొండ దాటిన గాలిలో తడి పెద్దగా మిగలదు. పడమటి కనుమలకి ఇవతల మన అనంతపురానికి 550 దగ్గరే ఆగిపోవడానికీ కారణం ఇదే. నేను చిన్నప్పుడు ఎదురుచూసిన మబ్బులు ఎక్కడ కురిసేవో ఇక్కడ కళ్లారా చూసినట్టయింది.

కుక్‌టౌన్‌లో ఎక్కువసేపు ఆగలేదు. 1770లో కెప్టెన్ కుక్ ఓడ పగిలి, బాగుచేసుకోవడానికి ఆగిన చోటు అది. 'కంగారూ' మాట ఇక్కడి గూగు యిమితిర్ భాషలోని 'గంగురు' నుంచి వచ్చింది. 'నాకు తెలియదు' అని దాని అర్థమంటూ చెప్పే కథ నిజం కాదు, మీ టీచర్‌కి కూడా చెప్పండి.

తిరుగు ప్రయాణం కొండల వెనక నుంచి. ఎర్రమట్టి, చెదపుట్టలు, పలచగా చెట్లు. దిగి చూస్తే జామాయిల్ చుట్టాలే! జామాయిల్ పుట్టిల్లు ఈ దేశమే. పొద్దున అడవిలో చూసిన ఆకులకి రావి ఆకులా పొడుగాటి కొస ఉంది, వాననీరు త్వరగా జారిపోవడానికి. ఇక్కడి ఆకులు నిలువుగా వేలాడతాయి, మిట్టమధ్యాహ్నం ఎండ అంచుకే తగిలేలా, ఒంట్లో నీరు ఆవిరి కాకుండా.

సాయంత్రానికి బండి తలుపు మీద పొద్దుటి బురద ఎండిపోయి, దానిపై ఎర్రదుమ్ము పేరుకుంది.

మన చెరువుగట్టు దగ్గరి జామాయిల్ ఆకు ఎలా వేలాడుతుందో మిట్టమధ్యాహ్నం వెళ్లి చూసి, బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాతయ్య