జొన్నాకు మైనం చెప్పే కరువుల లెక్క

"నాలుగు వేల ఏళ్ల కింద వాన కొలిచే పరికరాలు లేవు కదా సార్, అప్పుడు వానలు తగ్గాయని ఎట్లా చెప్తారు?" అని నారాయణపేట నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగాడు. నది మోసుకొచ్చిన బురదను చూసి చెప్తారు. కింది పొర పాతది, పై పొర కొత్తది, ఇదంతా బడిలో చదివిందే, వదిలేద్దాం. నన్ను పట్టుకున్నది ఆ బురదలోని ఆకు మైనం.

జొన్నకర్రను రుద్దితే చేతికి తెల్లటి పొడి అంటుతుంది చూశారా, అదే మైనం. తేమ ఆరిపోకుండా అన్ని ఆకుల మీదా ఎంతో కొంత ఉంటుంది. దాని అణువులు ముప్పై దాకా కార్బన్ పరమాణువులున్న పొడవాటి గొలుసులు. నీళ్లలో కరగవు, బ్యాక్టీరియాకు తొందరగా లొంగవు, బంకమట్టిని పట్టుకొని వాగులోంచి నదిలోకి, అక్కడి నుంచి సముద్రం అడుక్కి పోయి వేల ఏళ్లు అట్లాగే ఉంటాయి.

ఇక అసలు సంగతి. కార్బన్‌లో వందకు 99 పాళ్లు కార్బన్-12, మిగతాది కాస్త బరువైన కార్బన్-13. గాలిలోని కార్బన్‌ను పట్టే తీరును బట్టి మొక్కల్ని సీ3, సీ4 అంటారు. వరి, వేప, టేకు లాంటి సీ3 మొక్కల్లో దాన్ని పట్టేది రుబిస్కో అనే ఎంజైమ్. అంగట్లో వంకాయలు ఏరుకునే మనిషి లాంటిది అది: తేలికైన కార్బన్ సంచిలోకి, బరువైనదాంట్లో కొంత మళ్లీ కుప్పలోకే. ఆకు రంధ్రాలు తెరిచి ఉన్నంతసేపు కుప్పకు కొదవ లేదు, ఎంతైనా ఏరుకోవచ్చు. జొన్న, సజ్జ, మక్క లాంటి సీ4 మొక్కల్లో మాత్రం ఈ మనిషిని అంగడికే రానివ్వరు. పెప్ కార్బాక్సిలేజ్ అనే ఇంకో ఎంజైమ్ పెద్దగా ఎంచకుండా సంచి నింపుకొచ్చి, లోపలి పుంజపు తొడుగు కణాల్లో కూర్చున్న రుబిస్కో ముందు కుమ్మరించి తలుపేస్తుంది. తిరిగి పడేద్దామంటే కుప్పే లేదు, పుచ్చులతో సహా వండుకోవాల్సిందే (తలుపు సందులోంచి కొన్ని జారిపోతాయి, అది వేరే లెక్క). అందుకే ప్రమాణ నమూనాతో పోలిస్తే కార్బన్-13 సీ3 మొక్కల్లో వెయ్యికి సుమారు 27 తక్కువ, సీ4లో 13 మాత్రమే తక్కువ. మైనంలో అంకెలు మారతాయి గానీ తేడా నిలుస్తుంది.

రంధ్రాలు కొంచెమే తెరిచినా సంచి నిండుతుంది కాబట్టి సీ4కు నీటి ఖర్చు తక్కువ, ఎండల్లో, కరువులో ఆ గడ్డిదే రాజ్యం. ఇంటర్లో బోటనీ చదివిన వాళ్లంతా ఈ సీ4 పద్ధతిని హాచ్-స్లాక్ పథం పేరుతో మార్కుల కోసం బట్టీ పట్టిన వాళ్లే, కానీ దీంతో పాత కరువులు లెక్కేయొచ్చని ఒక్క లెక్చరర్ చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

గోదావరి ముఖద్వారానికి ఎదురుగా సముద్రం అడుగు నుంచి తీసిన బురద స్తంభంలో ఈ మైనంలోని కార్బన్-13ను కొలిచి 2012లో ఫలితం ప్రచురించారు. సీ4 లాంటి కరువు తట్టుకునే మొక్కలు సుమారు 4,000 ఏళ్ల కింద పెరగడం మొదలై, 1,700 ఏళ్ల కిందటి దాకా పెరుగుతూ వచ్చి, ఆ తర్వాత అట్లాగే నిలబడ్డాయి. కలియుగం వచ్చింది కాబట్టే వానలు పోయాయనే వాళ్లకు ఒక మాట: పంచాంగం లెక్కలో కలి మొదలై 5,100 ఏళ్లు దాటింది, బురద ఒప్పుకోవడం లేదు.

అయితే మైనం చెప్పేది మొక్కల గురించి, వాన గురించి కాదు. సాగర్ ఎడమ కాలువ కింద నల్లగొండ చెల్కల్లోకి వరి వచ్చింది. రేపెప్పుడో ఆ బురదలో మైనం చూసినవాడు వానలు పెరిగాయనుకుంటాడు, కాలువ సంగతి వాడికేం తెలుసు? అందుకే అదే స్తంభంలో గ్లోబిజెరినాయిడిస్ రూబర్ అనే సూక్ష్మజీవి గుల్లల్లోని ఆక్సిజన్‌ను కూడా చూశారు. నదుల నీళ్లు తగ్గితే బంగాళాఖాతం ఉప్పెక్కుతుంది, ఆ గుల్లల్లో ఆక్సిజన్-18, అంటే బరువైన ఆక్సిజన్, పాలు పెరుగుతుంది. గత 3,000 ఏళ్లలో, ముఖ్యంగా 1,700 ఏళ్లుగా, అంతకు ముందెన్నడూ లేనంత ఉప్పెక్కిన కాలాలు కనిపించాయి.

దక్షిణ భారతంలో చెరువులు, కుంటలు అంతగా పెరగడానికి ఈ నిలకడలేని వానలే కారణం కావచ్చని ఆ పరిశోధకుల ఊహ. నల్లగొండ దగ్గరి పానగల్ ఉదయసముద్రం లాంటి పాత చెరువులు చూస్తే నాకూ నమ్మబుద్ధేస్తుంది. ఆ చెరువుల అడుగు ఒండ్రులోనూ మన మైనం ఉండాలి, కానీ తెలంగాణలో చెరువుల పూడిక తీసిన మిషన్ కాకతీయ పథకంలో చాలా చెరువుల ఒండ్రును ట్రాక్టర్లకెత్తి చేలల్లో చల్లేశాం. పంటకు మంచిదే, పొరలు మాత్రం కలిసిపోయాయి.