బెంట్లీ 8 లీటర్: ఛాసిస్ మిగిలింది, సెలూన్ పోయింది

బ్రిటన్ కంపెనీ బెంట్లీ చేసిన 8 లీటర్ కార్లు తయారైనవే వంద. 1930లో లండన్ ఒలింపియా ప్రదర్శనలో పెట్టినప్పుడు ఉత్త ఛాసిస్ (బాడీ లేకుండా ఇంజిన్, చక్రాలు ఉన్న అడుగు చట్రం) ధరే 1,850 పౌండ్లు. ఆర్థిక మాంద్యం ముదురుతున్న ఆ రోజుల్లో అంత పెట్టగలిగినవాళ్లు తక్కువ. 1931లో కంపెనీ అప్పుల్లో మునిగింది, ఆ ఏడాది చివర్లో రోల్స్‌రాయిస్ చేతికి పోయింది.

వందలో చాలా ఛాసిస్‌లు నేటికీ నడుస్తున్నాయి. అయితే తొలి సెలూన్ బాడీతోనే, అంటే పైకప్పుతో మూసి ఉన్న బాడీతోనే ఉన్నవి అంతకంటే బాగా తక్కువ. బెంట్లీ బాడీలు కట్టేది కాదు. కొన్నవాళ్లు ఛాసిస్‌ను హెచ్.జె. ములినర్ లాంటి బాడీ బిల్డర్లకు అప్పగించేవారు. వాళ్లు యాష్ అనే చెట్టు కర్రతో చట్రం కట్టి, పైన అల్యూమినియం రేకు కొట్టేవారు, లేదా వేమన్ పద్ధతిలో తోలుగుడ్డ కప్పేవారు. వేమన్ చట్రంలో కర్రకు కర్ర తగలదు. మధ్య కాస్త సందు వదిలి ఉక్కు పట్టీలతో బిగిస్తారు. అందుకే కిర్రుమనదు. గుడ్డ చిరిగితే మాత్రం లోపలికి దిగిన నీరు బయటికి పోయే దారి ఉండదు. ముందుగా కుళ్లేవి అడుగు దూలాలు, తలుపు నిలువు కర్రలు. తలుపు మూసేటప్పుడు పైకి ఎత్తాల్సి వస్తోందంటే నిలువు కర్ర పోయిందని అనుమానించాలి.

కుళ్లిన సెలూన్‌ను బాగుచేసే ఖర్చు చూసి చాలామంది ఆ బాడీని తీసేసి, పైకప్పులేని టూరర్ బాడీ బిగించారు. 144 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) కూడా పొడవెక్కువని కొందరు ఛాసిస్‌నే కోయించారు. చూడ్డానికి బాగుంటాయి, వేగంగానూ పోతాయి. పోయింది మాత్రం అసలు బండే. నిశ్శబ్దంగా వంద మైళ్ల వేగం అందుకునే పెద్ద సెలూన్ కోసమే ఈ ఇంజిన్ పుట్టింది.

ఆ నిశ్శబ్దం కోసం పడ్డ పాట్లు ఇంజిన్‌లోనే కనిపిస్తాయి. ఆరు సిలిండర్లు, 110 మి.మీ. బోర్ (సిలిండర్ వెడల్పు), 140 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), మొత్తం 7,983 సి.సి. వాల్వులను తెరిచే, పైనున్న క్యామ్‌షాఫ్ట్‌ను గొలుసు తిప్పదు. ఆవిరి రైలింజన్ చక్రాలను కలిపే కడ్డీల్లా మూడు రాడ్లు వెనకవైపు నుంచి తిప్పుతాయి. సిలిండర్ల పైమూత అయిన హెడ్, సిలిండర్లున్న బ్లాకు ఒకే పోత. కాబట్టి వాల్వులు సరిగ్గా మూసుకునేలా రుద్దాలంటే హెడ్ ఒక్కటే విప్పడం కుదరదు, మొత్తం బ్లాకునే లేపాలి. ఇంజిన్ అడుగు పెట్టె అయిన క్రాంక్‌కేసు ఎలక్ట్రాన్ అనే మెగ్నీషియం మిశ్రమం. తేలికే, కానీ ఉక్కు బోల్టు పక్కన తడి చేరితే బోల్టు బాగానే ఉంటుంది, చుట్టూ ఉన్న మెగ్నీషియం తినేసుకుపోతుంది. ఏళ్లతరబడి షెడ్డులో పడున్న బండిలో మొదట చూడాల్సింది ఇదే.

కొనబోయేవాళ్లు ఛాసిస్, ఇంజిన్ నంబర్లను కంపెనీ పాత సర్వీసు రికార్డులతో సరిచూడాలి. బాడీ సంగతి వేరే తేల్చుకోవాలి: పాత ఫొటోలో కిటికీల గీత, తలుపు కీలు ఉన్న చోటు, బాడీ బిల్డర్ పలక. కంపెనీ స్థాపకుడు డబ్ల్యు.ఓ. బెంట్లీ స్వయంగా వాడిన YF5002 నంబరు ఛాసిస్ బండి ములినర్ సెలూన్‌గానే మిగిలింది. 2006లో బెంట్లీ కంపెనీ దాన్ని తిరిగి కొనుక్కుంది.