పదో తరగతి ఇంటర్నల్ మార్కులు: నమ్మకం సడలింది 2020లో

పదో తరగతిలో బడిలోనే వేసే ఇరవై ఇంటర్నల్ మార్కులు ఉండాలా, ఎత్తేయాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. 2024 నవంబరు 28న వాటిని రద్దు చేసి వంద మార్కులకూ రాత పరీక్షే పెడతామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికి బడులు తెరిచి అయిదు నెలలు దాటింది. మర్నాడే ఆ నిర్ణయాన్ని 2025-26కు వాయిదా వేసింది. తీరా ఆ విద్యా సంవత్సరం వచ్చాక, 2025 ఆగస్టులో, రాత పరీక్షకు 80, ఇంటర్నల్‌కు 20 అన్న పద్ధతే కొనసాగుతుందని చెప్పింది. ఇన్ని మలుపులు చూసిన తల్లిదండ్రులు అడుగుతున్నది ఒక్కటే: ఈసారి మా పిల్లల సంగతేమిటి?

వాదనంతా మార్కుల చుట్టూ తిరుగుతోంది. ఆ మార్కులు ఏ పనికోసం పుట్టాయో ఎవరూ మాట్లాడటం లేదు.

 ఆ మార్కులు పుట్టింది 2014-15లో. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో రూపొందిన పాఠ్యప్రణాళికా చట్రం ఆ ఏడాది పదో తరగతి దాకా వచ్చింది. కొత్త పుస్తకాలు, ఎనభై మార్కుల రాత పరీక్ష, ఇరవై మార్కుల నిర్మాణాత్మక మూల్యాంకనం (ఎఫ్ఏ, అంటే ఏడాది పొడవునా తరగతిలోనే పిల్లల నేర్చుకునే తీరు చూసి మార్కులు వేయడం) ఒకేసారి అమల్లోకి వచ్చాయి. ఆ ఇరవైని నాలుగు భాగాలు చేశారు: తరగతిలో పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. అంటే పిల్లవాడు అడిగే ప్రశ్నకు, ఊళ్లో చూసి వచ్చి చెప్పిన సంగతికి మొదటిసారి పదో తరగతి మెమోలో చోటు దొరికింది. పాఠం చివరి ప్రశ్నల్ని పరీక్షలో యథాతథంగా ఇవ్వకూడదన్న నియమమూ అప్పటిదే. విజ్ఞానశాస్త్రంలో ‘ప్రశ్నించడం, పరికల్పన చేయడం’, గణితంలో ‘అనుసంధానం’ వంటి విద్యా ప్రమాణాలు పుస్తకం మొదటి పేజీల్లోనే అచ్చయ్యాయి.

ఇది కాగితం మీది మాటేనా? భౌతికశాస్త్రంలో విద్యుత్ ప్రవాహం పాఠాన్నే తీసుకోండి. కిలోవాట్ గంట అంటే ఒక యూనిట్ అని బోర్డు మీద రాసి, రెండు లెక్కలు చేయించి ముగించవచ్చు. మనసు పెట్టిన ఉపాధ్యాయురాలైతే ఇంట్లో మీటరు రీడింగు రాసుకుని రమ్మంటుంది. ఫ్రిజ్ వెనక అతికించిన చీటీ మీద 150 వాట్లు అని ఉంటుంది. రోజంతా, నెలంతా లెక్కేస్తే 108 యూనిట్లు. కానీ ఆ ఇంటి మొత్తం వాడకమే నెలకు 90 యూనిట్లని మీటరు చెబుతుంది. లెక్క తప్పా, మీటరు తప్పా? పిల్లలు తలలు పట్టుకుంటారు. చెవి ఒగ్గి వింటే కంప్రెసర్ ఆగి ఆగి పనిచేస్తోందని ఎవరో ఒకరు పసిగడతారు. సూత్రంలోని ‘కాలం’ అప్పుడు తలకెక్కుతుంది.

అక్కడితో ఆగనక్కరలేదు. 2024 మార్చి బిల్లుల నుంచి రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద అర్హులకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. ఆ హద్దు దాటితే బిల్లు మొత్తం కట్టాలి. 200 దగ్గర సున్నా, 201 దగ్గర పూర్తి బిల్లు అయితే గ్రాఫు ఎలా ఉంటుంది? హైదరాబాద్‌లో బోరబండలోనో అడ్డగుట్టలోనో ఒకే మీటరు మీద రెండు మూడు వాటాలున్న ఇంట్లో సబ్ మీటరు లెక్క ఎవరు, ఎలా కడుతున్నారు? ఈ ప్రశ్నలకు గైడులో జవాబు లేదు. పిల్లల ఇంట్లో ఉంది. కష్టమైన ప్రశ్న, తమ బతుకుకు దగ్గరైన ప్రశ్న ఒకటే అయితే పదిహేనేళ్ల పిల్లలు ఎంత దూరమైనా వస్తారు. ఇలాంటి బోధనకు రెండు మూడు పీరియడ్లు అదనంగా పడతాయి. ఆ పీరియడ్లు ఖర్చు పెట్టడానికి ఉపాధ్యాయుడి చేతిలో ఉన్న ఏకైక ఆధారం ఆ ఇరవై మార్కులే.

మొదటి నుంచీ లోపాలు లేకపోలేదు. ప్రాజెక్టులు చార్టు, థర్మోకోల్ నమూనాలుగా మారాయి. ఆలోచించి రాయాల్సిన ప్రశ్నలకు కూడా కోఠి దుకాణాల్లో గైడ్లు దిగాయి. పర్యవేక్షణకు వచ్చిన బృందాలు చూసింది రికార్డులనే. తరగతిలో కూర్చున్నది అరుదు. అయినా ఇరవై అన్నది ఇరవైగానే ఉన్నంత కాలం ఇవి దిద్దుకోగల లోపాలే.

అసలు మలుపు 2020లో వచ్చింది. మార్చి 19న మొదలైన పదో తరగతి పరీక్షలు కరోనాతో మధ్యలోనే ఆగిపోయాయి. జూన్ 6న హైకోర్టు, జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ మహానగర పాలక సంస్థ) పరిధిని మినహాయించి మిగతా చోట్ల పరీక్షలు జరుపుకోవచ్చని చెప్పింది. నగరాన్ని పక్కన పెట్టి రాష్ట్రానికి వేరే పరీక్ష జరపడం ప్రభుత్వానికి కుదరలేదు. రెండు రోజులకే పరీక్షలు రద్దయ్యాయి. ఇంటర్నల్ మార్కుల ఆధారంగా గ్రేడ్లిచ్చి, అయిదు లక్షలకు పైగా విద్యార్థుల్ని ఉత్తీర్ణుల్ని చేశారు. ఇరవైకి వేసిన మార్కు వందకు సాగింది.

మరుసటి ఏడాది ఇంకా విచిత్రం. 2021లో ఒకే ఒక్క నిర్మాణాత్మక మూల్యాంకనం, ఎఫ్ఏ-1, మొత్తం ఫలితానికి ఆధారమైంది. ఏడాదిలో ఎక్కువ భాగం ఫోన్లలో, టీవీల్లో పాఠాలు విన్న 5,21,073 మందిలో 2,10,647 మందికి పదికి పది జీపీఏ (గ్రేడ్ పాయింట్ల సగటు) వచ్చింది. రాత పరీక్ష యథావిధిగా జరిగిన 2023లో పదికి పది తెచ్చుకున్నవారు 6,163 మంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసినవారెవరికీ ఆ తర్వాత ఇంటర్నల్ మార్కుల మీద గురి కుదరలేదు. ఆ అపనమ్మకం మొత్తం తరగతి గది బోధన మీద పడింది. మీటరు రీడింగులు రాయించిన ఉపాధ్యాయురాలు, ఫైలు చూడకుండానే ఇరవైకి ఇరవై వేసిన యాజమాన్యం ఒకే గాటన పడ్డారు.

ఆనాడు ఇంకో దారి లేదు, నిజమే. ప్రాణాలకు ముప్పున్న వేళ పిల్లల్ని పరీక్ష కేంద్రాలకు పిలవకపోవడం సరైన పనే. కానీ పిల్లల నేర్చుకునే తీరు తెలుసుకోవడానికి పుట్టిన కొలమానంతో గ్రేడ్లు తేల్చామని ప్రభుత్వం తర్వాతైనా స్పష్టంగా చెప్పి, దాన్ని దాని చోట తిరిగి నిలబెట్టాల్సింది. ఆ పని జరగలేదు. 2022లో ఆరు పేపర్లతో పరీక్షలు తిరిగి వచ్చాయి, ఇంటర్నల్ మార్కుల తనిఖీ మాత్రం పాత రికార్డుల పద్ధతిలోనే సాగింది.

రద్దు కోరేవారి వాదన సూటిగా ఉంది: కొన్ని ప్రైవేటు బడులు అందరికీ ఇరవై వేసేస్తున్నాయి, నిజాయితీగా వేసే సర్కారు బడి పిల్లలు నష్టపోతున్నారు. ఇందులో నిజముంది. అయితే రద్దు చేస్తే ముందుగా నష్టపోయేది ఆ సర్కారు బడి పిల్లలే. వందకు వంద రాత పరీక్షే అయితే జనవరి నుంచి బడి అంతా స్టడీ అవర్లు, బిట్ పేపర్లే. ట్యూషన్ డబ్బులున్న ఇంట్లో దానికి తోడు దొరుకుతుంది, లేని ఇంట్లో దొరకదు. తరగతిలో జరిగే ప్రయోగం, చర్చ, క్షేత్ర పరిశీలనలే ఆ పిల్లలకు ఉన్న అదనపు వనరు. సీబీఎస్ఈ కూడా 2017-18 నుంచి నిరంతర మూల్యాంకనాన్ని పక్కన పెట్టి పదో తరగతికి బోర్డు పరీక్ష తెచ్చింది, కానీ ఇరవై ఇంటర్నల్ మార్కుల్ని వదులుకోలేదు.

ఉపాధ్యాయుల్లో చాలామంది ఏళ్లుగా అంటున్నది వినదగినది. తనిఖీకి వచ్చేవారు రికార్డుల గదిలో కాకుండా ఒక పీరియడు తరగతిలో కూర్చోవాలి. ఫైలు తీసి, అందులో పేరున్న పిల్లవాడిని పిలిచి, ‘ఈ లెక్క ఎలా వచ్చింది, నువ్వే చెప్పు’ అని అడగాలి. రాత పరీక్షలో ముప్పై, ఇంటర్నల్‌లో ఇరవైకి ఇరవై వచ్చిన బడులేవో పరీక్షల విభాగం దగ్గరున్న మార్కుల్లోనే కనిపిస్తాయి. ముందు అక్కడికి వెళ్లాలి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, పరీక్షలు మొదలయ్యేలోగా ఒక సర్క్యులర్ చాలు.